బావ పాస్‌పోర్టు సంగతి

శీనూ,

ఎట్లున్నావ్‌రా? ఈసారి నీతో పని పడి రాస్తున్నా.

కోస్గి మేనత్త కొడుకు, గల్ఫ్ పోయిన బావ గుర్తున్నాడా? మామ పోతే రాలేకపోయాడు. దిగిన రోజే కంపెనీవాళ్లు పాస్‌పోర్టు గుంజుకున్నారు, జీతం ఆగి నెలలైంది. పాడె దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడింది నేనే. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే "మొహం చూపియ్, మొహం చూపియ్" అంటూనే ఉన్నాడు. అప్పట్నుంచి ఇదే చదువుతున్నా.

వలస కార్మికుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఉందిరా. 1990లో ఆమోదించారు, 2003 నుంచి అమల్లో ఉంది. చట్టం అధికారమిచ్చిన ప్రభుత్వోద్యోగి తప్ప ఎవరూ పాస్‌పోర్టు లాక్కోకూడదని 21వ అధికరణం చెప్తుంది. అమలు చూడటానికి 14 మంది నిపుణుల కమిటీ కూడా ఉంది. కానీ ఆ కమిటీ అడగగలిగేది చేరిన దేశాలనే. గల్ఫ్ దేశాలు ఒక్కటీ చేరలేదు. శ్రీలంక, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్ చేరాయి, మనం చేరలేదు! ఊళ్లకు ఊళ్లు బొంబాయికి, దుబాయికి పోయే పాలమూరులో పుట్టినవాడికి కడుపు మండదా? మనవాళ్లను పంపుతున్న మనమే కదా ముందు గట్టిగా అడగాల్సింది.

అడిగితే కదులుతారు. 2014లో ఖతర్ మీద అంతర్జాతీయ కార్మిక సంస్థలో కార్మిక ప్రతినిధులు ఫిర్యాదు పెట్టారు. ఆ ఒత్తిడితోనే తర్వాత దేశం దాటడానికి యజమాని అనుమతి చాలామందికి తీసేశారు, 2020లో పని మారడానికీ తీసేశారు. కష్టాలన్నీ తీరాయని కాదు, కానీ అది చిన్న సంగతి కాదు.

వలసదారుల హక్కులు చూసే ప్రత్యేక నిపుణుడి పదవి ఒకటి 1999 నుంచి ఐక్యరాజ్యసమితిలో ఉంది. ఒప్పందంలో చేరని దేశం మీదైనా ఫిర్యాదు తీసుకుంటారు, ఆ ప్రభుత్వానికి రాసి జవాబు అడుగుతారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అది కోర్టు తీర్పు కాదు, నిజమే. అయినా రాద్దాం. మన విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్లో ఫిర్యాదు కూడా వేద్దాం.

నీ ఇంగ్లీషు కావాలి. ఆదివారం పరిగి మీదుగా కోస్గి వచ్చెయ్. వీసా జిరాక్సు, ఏజెంటు ఇచ్చిన రసీదు అత్త దగ్గరున్నాయి. జీతం పడిన మెసేజ్‌లు, అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) ఫొటో బావను వాట్సాప్‌లో పంపమన్నా. పేరు బయటపెట్టొచ్చో లేదో ముందు బావనే అడగాలి, అక్కడ ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉన్నాడు కదా. రాత్రి పని దిగాక ఫోన్ చేస్తాడు, అప్పటికి నువ్వుంటే మంచిది.

నీ
రాజు