నీ ఒక్క నిమిషం చిట్కా

ప్రియమైన రాఘవా,

రేఖను అద్దంగా తీసుకుని ఒక బిందువుకు ప్రతిబింబం కనుక్కోవడానికి సూత్రమే అక్కర్లేదని, నిమిషంలో తేల్చే చిట్కా దొరికిందని తెగ మురిసిపోయావు కదా! కాగితం ముందేసుకుని చూశాను. ఒట్టి తప్పయితే నువ్వే ఎప్పుడో పట్టేసేవాడివి. సగం ఒప్పు కాబట్టే బోల్తా కొట్టించింది.

నీ లెక్కే తీసుకుందాం. రేఖ 2ఎక్స్ + వై = 5, బిందువు (5, 5). ఎక్స్‌కు 5 పెడితే వై −5. వైకి 5 పెడితే ఎక్స్ 0. అంతే, ప్రతిబింబం (0, −5) అనేశావు. మధ్యబిందువు (2.5, 0) రేఖ మీదే పడిందని సరిచూశావు కూడా. పాపం, అది ఎప్పుడైనా పడుతుంది!

పటం గీయి. (5, 5), (5, −5), (0, −5), (0, 5) కలిపితే దీర్ఘచతురస్రం. రెండో, నాలుగో శీర్షాలు రేఖ మీదివి, అంటే ఒక కర్ణం నీ రేఖే. నువ్వు పట్టుకున్నది ఎదురు మూలను. దీర్ఘచతురస్రంలో కర్ణాలు ఎలాగూ సమద్విఖండన చేసుకుంటాయి. కానీ ప్రతిబింబానికి అది చాలదు, బిందువునూ ప్రతిబింబాన్నీ కలిపే గీత రేఖకు లంబంగా కూడా ఉండాలి. కర్ణాలు లంబంగా ఖండించుకోవాలంటే అది చతురస్రం కావాలి, అంటే రేఖ వాలు 1 లేదా −1 కావాలి. అందుకే ఎక్స్ + వై = 6లో (1, 2)కు నీ చిట్కా (4, 5) అని సరిగ్గానే చెబుతుంది. ఇక్కడ మాత్రం కర్ణాల వాలులు −2, 2. లంబమైతే లబ్ధం −1 రావాలి, వచ్చింది −4. లంబం మాటే లేదు.

ప్రతిక్షేపిస్తే వచ్చిన విలువను గుణకాల వర్గాల మొత్తంతో భాగించి, −2తో గుణించే ఆ సూత్రాన్ని బట్టీ పట్టమని నేనూ అనను. అది చేసే పని చూడు. 2ఎక్స్ + వై − 5లో (5, 5) ప్రతిక్షేపిస్తే 10. గుణకాల వర్గాల మొత్తం 5. భాగిస్తే 2. ఆ 2తో గుణకాలను గుణిస్తే 4, 2. వాటిని తీసేస్తే (1, 3), అదే లంబపాదం, అంటే బిందువు నుంచి గీసిన లంబం రేఖను తాకే చోటు. ఇంకోసారి తీసేస్తే (−3, 1), అసలు ప్రతిబింబం. సూత్రంలో −2 ఎందుకుందో ఇప్పుడు వేరే చెప్పాలా?

ఇంకొకటి. క్రీ.శ. 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన గణితవేత్త హెరాన్ అద్దం మీద పడిన కాంతి అతి తక్కువ దూరపు దారినే పడుతుందని చూపింది ఈ ప్రతిబింబంతోనే. (5, 5) నుంచి బయలుదేరి, మన రేఖను తాకి, (2, 6) చేరాలి. కనిష్ఠ దూరం ఎంత? రేఖ మీది ఏ చోటికైనా (5, 5) నుంచీ (−3, 1) నుంచీ దూరం ఒకటే కాబట్టి, (−3, 1) నుంచి (2, 6)కు గీత గీస్తే చాలు. నాకు 5√2 వచ్చింది. రేఖను ఎక్కడ తాకాలో నువ్వు రాయి.

నీ
శ్రీను