నల్ల రంగు వేస్తే గిటార్ నాదం మారదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికా కంట్రీ సంగీతం మీద వచ్చిన వ్యాసాన్ని ఎంతో ఇష్టంగా చదివాను. పెడల్ స్టీల్ గిటార్ గురించి తెలుగులో ఇంత వివరంగా రాసినవారు అరుదు. ఆ వాద్యాన్ని చాలా ఏళ్లుగా కంట్రీ సంగీతపు కేంద్రమైన నాష్‌విల్ పరిసరాల్లో వింటూ, నెమ్మదిగా వాయించడం కూడా నేర్చుకుంటున్న నాకు వ్యాసకర్త శ్రద్ధ సంతోషం కలిగించింది. అయితే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. నల్ల రంగు పెడల్ స్టీల్ గిటార్లకు మిగతా రంగుల వాటికన్నా నాదం గంభీరంగా ఉంటుందనీ, కొనేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలనీ ఆయన రాశారు. ఇది ఆయన కల్పించిన మాట కాదు. ఇక్కడి వాద్యకారులు ఎందరో అనగా విన్నాను, కొన్నేళ్లు నేనూ నమ్మాను, నమ్మి డబ్బు కూడా ఖర్చుపెట్టాను. అందువల్లనే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

ఈ వాద్యాన్ని చూడనివారి కోసం ముందుగా కొంత చెప్పాలి. ఇది కాళ్ల మీద నిలబెట్టిన సన్నని బల్లలా ఉంటుంది. వాద్యకారుడు దాని ముందు కూర్చుని, ఎడమచేతిలోని ఉక్కు బార్‌ను తీగల మీద జరుపుతూ, కుడిచేతి వేళ్లకు తొడుక్కున్న పిక్‌లతో మీటుతాడు. హవాయి గిటార్ వాయించినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. గోటువాద్యం విన్నవారికి ఆ జారు కూడా పరిచయమే. కొత్తదనమంతా బల్ల కింద ఉంది. కాలితో పెడల్ నొక్కినప్పుడు, లేదా మోకాలితో లీవర్‌ను పక్కకు నెట్టినప్పుడు, తీగ చివరనుండే ఛేంజర్ అనే భాగం ఆ తీగను బిగిస్తుంది లేదా వదులు చేస్తుంది. మిగతా తీగలు ఉన్న స్వరంలోనే ఉండగా ఆ ఒక్క తీగ మాత్రం పైకో కిందికో సాగుతుంది. 1954లో జనాదరణ పొందిన వెబ్ పియర్స్ పాట ఒకదానిలో బడ్ ఐజాక్స్, తీగ మోగుతుండగానే పెడల్ నొక్కి వినిపించిన ఆ వంపు, తరువాత కంట్రీ సంగీతానికే ఆనవాలైపోయింది.

నలుపు మీద నమ్మకం ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. ఈ వాద్యపు చరిత్రలో విద్వాంసుడు బడీ ఎమ్మన్స్ పేరు తలవకుండా ఎవరూ ముందుకు పోలేరు. ఆయన 1950లలో షాట్ జాక్సన్‌తో కలిసి నాష్‌విల్‌లో షో-బడ్ గిటార్లకు పునాది వేశారు. 1960లలో అక్కడినుంచి బయటికి వచ్చి, రాన్ లాష్లీతో కలిసి తన పేరు మీదనే నార్త్ కరోలినాలోని బర్లింగ్‌టన్‌లో కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ చేసిన, ఛేంజర్‌ను కడ్డీలతో నెట్టి, లాగి పనిచేయించే పుష్-పుల్ రకం గిటార్ల నాదాన్ని ఇప్పటికీ కొలమానంగా చెప్పుకుంటారు. వాటిలో నల్లనివి విరివిగా కనిపిస్తాయి. మంచి నాదం విన్న ప్రతిసారీ ఎదుట నల్ల గిటార్ ఉంటే, ఆ నాదాన్ని ఆ రంగుకే అంటగట్టడం మనుషుల సహజ లక్షణం. కాని అదే తరానికి చెందిన జిమ్మీ డే, పేరులోనే నీలం ఉన్న ‘బ్లూ డార్లిన్’ అనే గిటార్ వాయించారు. లాయిడ్ గ్రీన్ పేరు మీద 1970లలో షో-బడ్ విడుదల చేసిన గిటార్ ఆకుపచ్చది. ఆ ఇద్దరి వాదనంలో గాంభీర్యం తక్కువైందని ఈ ఊళ్లో అనేవారిని నేను చూడలేదు.

నాదం ఎక్కడ పుడుతుందో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. వీణకు కుండ ఉంది, దాని లోపలి గాలి ఉంది, పైపలక కంపనం ఉంది. పెడల్ స్టీల్‌కు అలాంటి బోలు భాగమే లేదు. తీగ ఉక్కుది, దాని కింద అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగ చుట్టిన పికప్ ఉంటుంది, పై తీగ కదిలినప్పుడు ఆ చుట్టలో పుట్టే విద్యుత్తే వాల్యూమ్ పెడల్ మీదుగా యాంప్లిఫైయర్‌కు చేరుతుంది. చెక్కకు ఇందులో పాత్ర లేదని నేను అనడం లేదు. తీగ రెండు కొసలూ ఆనుకున్న చోటు ఎంత గట్టిగా ఉంటే కంపనం అంతసేపు నిలుస్తుంది; ఆ చోటు ఏ అనుస్వరాలను (అసలు స్వరంతోపాటు సన్నగా పలికే పై స్వరాలను) మింగేస్తుందో, వేటిని వదిలేస్తుందో దాన్నిబట్టి నాదపు స్వభావం మారుతుంది. పుష్-పుల్ గిటార్‌లో పెడల్ నొక్కని వేళ ఛేంజర్ ‘వేలు’ (తీగ కొసను పట్టి ఉంచే లోహపు ముక్క) గిటార్ శరీరానికి గట్టిగా ఆనుకుని ఉంటుంది. ఆ ఆనికే ఆ పేరుపొందిన నాదానికి మూలమని అనుభవజ్ఞులు చెప్తారు. నెక్ (తీగల కింద పొడవునా ఉండే భాగం) చెక్కదా అల్యూమినియందా, పికప్‌కు ఎన్ని చుట్లు చుట్టారు, అది తీగకు ఎంత దగ్గరగా ఉంది అన్నవి కూడా చెవికి అందే తేడాలే. మిల్లీమీటరులో కొద్ది భాగం మందమున్న పూతలో కలిపిన రంగుపొడికి మాత్రం ఈ వరుసలో చోటు దొరకదు.

అయితే రంగుతోపాటు కలిసివచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని కొట్టిపారేస్తే వ్యాసకర్తకు అన్యాయం చేసినవాణ్ని అవుతాను. ఈ గిటార్ల శరీరాన్ని సాధారణంగా మేపుల్ చెక్కతో చేస్తారు. కొన్నిటికి లాకర్ అనే వార్నిషు వంటి పూత వేస్తారు. కొన్నిటికి మన ఇళ్లలో బల్లలకు అంటించే సన్‌మైకా వంటి రేకును జిగురుతో అంటిస్తారు. ఈ రెండింటి నాదంలో తేడా ఉందని వాదించేవారితో నేను గొడవపడను. చెక్కకు ఒక గట్టి పొరను అంటించడం వేరు, చెక్కలోకి ఇంకే పూత వేయడం వేరు. పైగా చెక్క అందం కనిపించేలా పారదర్శకమైన పూత వేయదలచుకున్నవాడు పక్షికన్ను వంటి చుక్కలున్న మేపుల్ కోసం వెతుకుతాడు. నల్లని రేకు కింద ఆ చుక్కలు కనిపించవు కనుక తిన్నని రేకలున్న మామూలు చెక్క చాలు. కనుక ఒక కాలంలో ఒక కార్ఖానా నుంచి వచ్చిన నల్ల గిటార్ల నాదం నిజంగానే వేరుగా ఉన్నా, కారణం రేకులోనో జిగురులోనో చెక్కలోనో ఉంటుంది. అదే రేకు ఎర్రనిదైతే అదే నాదం వస్తుంది.

ఇక నా సొంత అనుభవం. నేను కొన్న మొదటి మంచి గిటార్ లేత చెక్క రంగుది, అప్పటికే చేతులు మారినది. అంచుల దగ్గర పూత పెచ్చులూడుతుంటే, ఎలాగూ పూత వేయించాలి కదా అని, అందరూ చెప్పే నలుపే వేయించాను. ఇవ్వడానికి ముందు నాకు బాగా వచ్చిన ఒక వరసను ఇంట్లో రికార్డు చేసి ఉంచుకున్నాను. గిటార్ తిరిగివచ్చిన రాత్రి అదే గదిలో, అదే యాంప్లిఫైయర్‌తో అదే వరస వాయించి రెండూ పక్కపక్కన విన్నాను. తేడా స్పష్టంగా ఉంది: మంద్రంలో నిండుదనం వచ్చింది, తీగ మునుపటికన్నా ఎక్కువసేపు పలికింది. తెలిసినవారందరికీ సంబరంగా చెప్పుకున్నాను.

పూత వేయాలంటే గిటార్ మొత్తాన్ని విప్పాలన్న సంగతి నాకు కొన్ని వారాల తరువాత గాని తట్టలేదు. విప్పినప్పుడు ఛేంజర్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి తీసి నూనె వేశారు, పాత తీగలు పారేసి కొత్తవి ఎక్కించారు, పికప్‌ను తీగలకు మరికాస్త దగ్గరగా బిగించారు. నేను రంగుకు కట్టబెట్టిన ఘనతను ఈ మూడూ పంచుకోవాలి. ఆ తీగలే పాతబడిన తరువాత, పికప్‌ను మునుపటి ఎత్తుకు దించి, మళ్లీ రికార్డు చేశాను. చెక్క రంగు నాటి రికార్డింగును, నల్ల రంగు రికార్డింగును ఏది ఏదో చెప్పకుండా నా భార్యకు వినిపించాను. ఆమె చిన్ననాటినుంచి వీణ నేర్చుకున్న మనిషి. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా పట్టేస్తుంది. రెండూ ఒకటే కదా, రెండుసార్లు ఎందుకు పెట్టారని అడిగింది. ఒక ఇంటి అనుభవాన్ని శాస్త్రమని నేను అనను, కాని నా నమ్మకం ఆ సాయంత్రమే పోయింది.

కన్ను చెవిని ఎంత లోబరుచుకుంటుందో తెలిపే పరిశోధనలు వేరే వాద్యాల మీద జరిగాయి. 2010లో ఇండియానాపోలిస్‌లో పరిశోధకురాలు క్లాడియా ఫ్రిట్జ్ బృందం 21 మంది వయొలిన్ విద్వాంసులకు, చూపు ఆనని కళ్లద్దాలు పెట్టి, వాసనతో పోల్చుకోకుండా గడ్డం ఆన్చే చోట అత్తరు రాసి, మూడు పాత ఇటలీ వయొలిన్లను, మూడు కొత్తవాటిని వాయించమన్నది. వారిలో ఎక్కువమంది కొత్త వాటినే మెచ్చుకున్నారు. అన్నిటికన్నా తక్కువ మెప్పు పొందినది ఒక స్ట్రాడివేరియస్, అంటే ఇటలీకి చెందిన స్ట్రాడివరి చేసిన లోకప్రసిద్ధ వయొలిన్లలో ఒకటి. ఆ స్ట్రాడివేరియస్ ఎర్రని వార్నిషులోనే రహస్యం ఉందని తరతరాలుగా చెప్పుకున్నారు కదా. 2009 చివర, స్ట్రాడివరి చేసిన ఐదు వాద్యాల పూతను పరీక్షించి వెల్లడించిన ఫలితాల్లో బయటపడినది అప్పటి చిత్రకారులు, వడ్రంగులు వాడిన నూనె, దేవదారు జాతి చెట్ల బంక, కొన్నిటిలో కాస్త ఎర్రరంగు మాత్రమే. రంగుకు ఇంకా సూటిగా సంబంధించినది 2001లో ప్రచురితమైన, ఫ్రాన్సులోని బోర్డోలో జరిగిన పరిశోధన. తెల్ల ద్రాక్షసారాకు రుచీ వాసనా లేని ఎర్రరంగు కలిపి ఇస్తే, ద్రాక్షసారా విద్యలోనే శిక్షణ పొందుతున్న 54 మంది దాన్ని వర్ణించడానికి ఎర్ర ద్రాక్షసారాకు వాడే మాటలు వాడారు. వారు అబద్ధమాడలేదు, వారికి అలాగే తోచింది. నల్ల గిటార్ గంభీరంగా పలుకుతుందనేవారు కూడా అబద్ధమాడడం లేదని నా అభిప్రాయం.

మన దగ్గర ఇటువంటిదే ఒక మాట ఉంది. నల్లబడిన వీణ బాగా పలుకుతుందని మా పెద్దలు అనేవారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలను పనస దుంగనుంచి తొలుస్తారు. పనస చేవ కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. అక్కడ ముదురు రంగు చెక్క వయసు తెలుపుతుంది. కాబట్టి పెద్దల మాటకు ఒక ఆధారం ఉంది. ఆ ఆధారం మరిచి కొత్త వీణకు ముదురు పాలిష్ కొట్టి అమ్మితే, కొన్నవారికి దక్కేది పాలిష్ మాత్రమే.

రంగుకు నిజంగా ప్రభావం ఉన్న సందర్భం ఒకటి నాకు తెలుసు, అది ఎండ. ఆరుబయట వేదికల మీద నల్ల వాద్యం త్వరగా వేడెక్కుతుంది. వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది, తీగలు సాగుతాయి, పది తీగలూ పది రకాలుగా శ్రుతి తప్పుతాయి. మే నెలలో ఆరుబయట కచేరీ ఉంటే నల్ల గిటార్ మీద తెల్లని గుడ్డ కప్పి ఉంచడం మేలు. అది శ్రుతికి సంబంధించిన జాగ్రత్త, నాదపు గుణానికి సంబంధించినది కాదు. అలాగే, నచ్చిన రంగు గిటార్ ముందు కూర్చున్నవాడు ఎక్కువసేపు సాధన చేస్తాడు, చెయ్యి తేలికపడుతుంది, వాదనం బాగుపడుతుంది. ఇది చిన్న విషయమేమీ కాదు. రంగు నచ్చి కొనుక్కునేవారిని నేను ఎప్పుడూ వారించను.

నేను ఇంతగా రాయడానికి కారణం మా పరిచయస్థుల అబ్బాయి ఒకడు. వేసవి సెలవులకు ఇండియా వెళ్లినప్పుడల్లా అమ్మమ్మ దగ్గర వీణ నేర్చుకున్నవాడు, ఇప్పుడు పెడల్ స్టీల్ మీద మనసుపడి, రెండేళ్లుగా దాచుకున్న డబ్బుతో పాత గిటార్ ఒకటి కొనబోతున్నాడు. మెరూన్ రంగు గిటార్ ఒకటి చూసి, బేరం దాదాపు కుదుర్చుకున్నాడు. మీ వ్యాసం చదివిన అమ్మమ్మ ఫోన్ చేసి చెప్పడంతో, దాన్ని వదిలేసి అంతకన్నా ఎక్కువ ధర చెప్తున్న నల్లదాని వైపు మొగ్గి, ఏమంటారంకుల్ అని నన్ను అడిగాడు. రెండు గిటార్లనూ ఒకే రకం కొత్త తీగలతో, ఒకే యాంప్లిఫైయర్ మీద, ఇంకొకరు వాయిస్తుండగా వాటికి వీపు పెట్టి కూర్చుని వినమన్నాను. పెడల్ నొక్కి వదిలిన తీగ సరిగ్గా మొదటి స్వరానికే తిరిగి వస్తుందో లేదో, ఛేంజర్ అరిగిపోయిందో లేదో, మోకాలి లీవర్లు కీచుమంటున్నాయో ఏమో చూడమన్నాను. వచ్చే శనివారం వెళ్తున్నాం.

వాళ్ల అమ్మమ్మగారు మీ పత్రికలో వచ్చినదాన్ని తప్ప నా మాటను నమ్మేలా లేరు. అందుచేత వీలైతే ఈ ఉత్తరాన్ని ఆ లోపలే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
నాష్‌విల్, టెనెసీ