రెగ్యులేటర్లు కొంటే సరా, సర్వీసు వద్దా?

సంపాదకులకు నమస్కారం.

2028లో కృష్ణా పుష్కరాలు. ఘాట్ల దగ్గర గజ ఈతగాళ్లతో పాటు స్కూబా డైవర్లనూ ఉంచాల్సి వస్తుంది. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ గేట్లకు అడ్డంపడిన పడవలను నీళ్లలో కోయడానికి విశాఖ నుంచి డైవర్లు రావాల్సి వచ్చింది. అందుకని ఇక్కడి బృందాలకే రెగ్యులేటర్లు, అంటే సిలిండర్‌లోని గాలి ఒత్తిడిని తగ్గించి డైవర్ నోటికి అందించే పరికరాలు, కొనడం మంచిదే. కొన్నాక వాటిని ఎవరు చూస్తారన్నదే మా ప్రశ్న.

‘కృష్ణలో ఉప్పు లేదుగా, కడగకపోతే ఏమవుతుంది’ అంటారు కొందరు. ఉప్పు లేకపోతే ఏం, ఒండ్రు ఉందిగా! రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగమైన ఫస్ట్ స్టేజ్, 200 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి) గాలిని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కన్నా 9, 10 బార్లు మాత్రమే ఎక్కువ ఉండేట్టు తగ్గిస్తుంది. సీలు లేని పిస్టన్ రకంలో స్ప్రింగు ఉండే గదిలోకి నీళ్లు పోతాయి, వాటితో పాటే బురద. అది పిస్టన్ ఓ-రింగు (గాలి కారకుండా ఆపే రబ్బరు ఉంగరం) చుట్టూ పేరుకుని ఆరిందంటే ఉప్పుకన్నా తక్కువేం కాదు. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్‌లో అయితే, బయటికి గాలి వదిలే పల్చటి రబ్బరు రేకు కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు, ప్రతి శ్వాసకూ నోట్లోకి నీళ్లొస్తాయి. చెయ్యి కనబడని నీళ్లలో అలా జరిగితే ఎంతటివాడైనా కంగారు పడతాడు.

బీరువాలో పడి ఉన్న రెగ్యులేటరూ పాడవుతుంది. స్ప్రింగు నెలల తరబడి నొక్కి ఉంచడంతో సెకండ్ స్టేజ్ సీటు (గాలి దారిని మూసే మెత్తటి ముక్క) మీద గాడి పడుతుంది. గొట్టాల్లో పురుగులు గూడు కడతాయి. మన ఎండలకు వ్యాను వెనక వదిలేస్తే రబ్బరు పెళుసెక్కుతుంది. మౌత్‌పీస్ ముందుగా చిరిగేది దాన్ని బిగించే ప్లాస్టిక్ టై కట్టిన చోటే, పైకి కనబడదు, వేలితో పక్కకు లాగి చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఫస్ట్ స్టేజ్ సీటు. అది అరిగితే గాలి పూర్తిగా ఆగదు. గొట్టంలో ఒత్తిడి మెల్లగా పాకి, చివరికి సెకండ్ స్టేజ్ దానంతటదే తెరుచుకుని గాలి బుసబుసా పోతుంది. గాలి అందకుండా పోవడం కన్నా ఇది నయమే, అలా తెరుచుకునేట్టే దాన్ని చేశారు. అయినా సిలిండర్ కొద్ది నిమిషాల్లోనే ఖాళీ. దీన్ని ఒడ్డునే పట్టుకోవచ్చు. డైవర్ తొడుక్కునే జాకెట్టులోకి గాలి నింపే గొట్టం చివర చిన్న ప్రెషర్ గేజి తగిలించి, సెకండ్ స్టేజ్ మీద గాలి వదిలే పర్జ్ బటన్ నాలుగైదుసార్లు నొక్కి వదిలి, ముల్లును చూడాలి. ఒకచోట నిలిస్తే మంచిది. ఐదు నిమిషాల్లో మూడో వంతు బార్ పైకి పాకినా దాన్ని నీళ్లలోకి దింపకూడదు. నిండు సిలిండర్‌తో ఒకసారి, 50 బార్లకు దిగాక మరోసారి చూడాలి.

ఇంకో పరీక్షకు గేజి కూడా అక్కర్లేదు. సిలిండర్‌కు తగిలించక ముందు, ఫస్ట్ స్టేజ్‌కు మూత బిగించి మౌత్‌పీస్‌లోంచి పీల్చాలి. గాలి వచ్చిందంటే ఎక్కడో కారుతున్నట్టే.

కడగడంలోనూ పొరపాట్లే. మూత తడిగా ఉండగా బిగించినా, గాలి ఒత్తిడి లేనప్పుడు నీళ్లలో పర్జ్ బటన్ నొక్కినా నీళ్లు లోపలికే పోతాయి. సిలిండర్‌కు తగిలించి, గాలి తెరిచి ఉంచి, మంచినీళ్లలో అరగంట నానబెట్టడం ఉత్తమం. ఫస్ట్ స్టేజ్ నోటి దగ్గరి ఫిల్టరు చూస్తే సంగతి తెలుస్తుంది: ఆకుపచ్చగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి, ఎర్రమట్టి రంగుంటే సిలిండర్ లోపల తుప్పు. ఓ-రింగులకు కొబ్బరినూనె, బండి గ్రీజు పూయడం మరీ అన్యాయం. దానికి వేరే గ్రీజు ఉంది, తయారీదారు చెప్పినదే వాడాలి.

అందుకే కొనుగోలు టెండరులోనే సర్వీసును చేర్చాలని అధికారులను కోరుతున్నాం. ప్రతి రెగ్యులేటర్‌కూ ఆ కంపెనీదే రెండు సర్వీసు కిట్లు, బృందానికొక ప్రెషర్ గేజి, ఏడాదికోసారి శిక్షణ పొందిన టెక్నీషియన్‌తో తనిఖీ, సీరియల్ నంబరు వారీగా రాసే రిజిస్టరు ఉండాలి. నదిలో వాడేవాటికి సీల్డ్ డయాఫ్రమ్ రకం (నీళ్లు, బురద లోపలికి పోకుండా పొరతో మూసి ఉండే) ఫస్ట్ స్టేజే కావాలని కూడా ఆ టెండరులోనే రాయాలి.

— కొందరు డైవింగ్ శిక్షకులు, విజయవాడ