లెక్కల పుస్తకం కింద

టొరంటో,
ఫిబ్రవరి నెలాఖరు

అమ్మా,

ఆవకాయ అందింది. నువ్వు నాలుగు కవర్లు చుట్టినా పెట్టెలోని బట్టలకు వాసన పట్టింది. ఉతకబుద్ధి కాలేదు.

నిన్న పాప గులాబీ చొక్కా వేసుకుని బడికి వెళ్ళింది. 2007లో ఇక్కడి నోవా స్కోషియా రాష్ట్రంలో తొమ్మిదో తరగతి అబ్బాయి ఆ రంగు చొక్కా వేసుకొచ్చాడని కొందరు ఏడిపిస్తే, పన్నెండో తరగతి కుర్రాళ్ళిద్దరు అలాంటివే కొని తెచ్చి బడిలో పంచిపెట్టారు. అప్పటినుంచి ఏటా ఫిబ్రవరిలో ఒకరోజు పిల్లలు ఇలా వెళ్తారు. ఆ కథలో పెద్దవాళ్ళ ఊసే ఉండదు చూశావా?

ఈ మధ్య ఇక్కడి రచయిత్రి మార్గరెట్ అట్వుడ్ 1988లో రాసిన ‘క్యాట్స్ ఐ’ నవల చదివాను. ఈ ఊరి కథే. ఎలేన్ అనే చిన్నపిల్లను స్నేహితురాళ్ళే నంజుకు తింటారు. నిలబడితే తప్పు, నవ్వితే తప్పు అని రోజూ దిద్దుతుంటారు. ఆ పిల్ల రాత్రిళ్ళు అరికాళ్ళ చర్మం ఒలుచుకుంటుంది. ఒకసారి దాని టోపీని లోయలోని వాగులోకి విసిరేసి తెచ్చుకోమంటారు. అలాంటి లోయ మా వీధి చివరా ఉంది, ఇప్పుడు నిండా మంచు.

ఆ స్నేహితురాళ్ళలో ఒకరి తల్లికి అంతా తెలుసు. మహా భక్తురాలు. ఆ పిల్లకు అలా జరగాల్సిందేనని ఆవిడ అంటుంటే ఎలేన్ వింటుంది. అలాంటివాళ్ళను మనం ఎరుగుదుం కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు. నేను పుస్తకం మూసేసింది ఎలేన్ తల్లి దగ్గర. మంచి మనిషి. గట్టిగా నిలబడమని కూతురికి చెబుతుంది. ఏం చేయాలో తనకూ తెలియడం లేదని ఒప్పుకుంటుంది.

నా ఏడో తరగతి గుర్తొచ్చింది. వెనక బెంచీ అమ్మాయిలు ముగ్గురు రోజూ నా క్యారియర్ లాక్కుని తినేసి, గిన్నెల్లో నీళ్ళు పోసి ఇచ్చేవాళ్ళు. టీచరు చూసేది. చూసి, దిద్దుతున్న నోటు పుస్తకాల్లోకి తల దించేది. నేను నీకు చెప్పలేదు. కానీ దసరా సెలవులయ్యాక ఒకరోజు సంచిలో, లెక్కల పుస్తకం కింద, అరిటాకులో చుట్టిన ఆవకాయ అన్నం ముద్దలు రెండు కనిపించాయి. మర్నాడూ ఉన్నాయి. క్యారియర్ మామూలుగానే పంపేదానివి, వాళ్ళ కోసమన్నట్టు. పుస్తకం అట్టకు నూనె మరక అయిందని టీచరు నన్ను నిలబెట్టింది. అది మాత్రం ఆవిడ కంటపడింది!

నీకెలా తెలిసిందమ్మా? తెలిసీ బడికి ఎందుకు రాలేదు? నిష్ఠూరంగా అడగడం లేదు. మొన్న పాప టిఫిన్ డబ్బా ముట్టకుండా వెనక్కి తెచ్చింది. ఆకలి లేదంది. సరేలే అన్నాను. ఇవాళ పొద్దున దాని సంచిలో ఇంకో డబ్బా పెట్టబోయి చెయ్యి ఆగిపోయింది.

ఇక్కడ ఒంటారియోలో ఇలాంటి వేధింపులు తీవ్రమైనవైతే బడి సిబ్బంది ప్రిన్సిపాల్‌కు చెప్పితీరాలని 2010 నుంచి చట్టం ఉంది. కానీ ముందు ఎవరో ఒకరు చూడాలి కదా. రేపు సెలవు పెట్టి బడికి వెళ్తున్నాను.

ఆదివారం ఫోన్ చేస్తాను. ‘ఏదో అలా పెట్టానులే’ అని తప్పించుకోకు. మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నావా?

నీ
పెద్దమ్మాయి