బఫింగ్ మిషను ఎవరి చేతిలో ఉంటుంది?

రాయగడ,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి చిన్నబాబును మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. కార్ డిటైలింగ్, అంటే కారును మూలమూలలా కడిగి పాలిష్ పట్టి మెరిపించే పని, నేర్చుకుని, ఉద్యోగం విడిచిపెట్టకుండానే ఆదివారాలూ సెలవురోజులూ జయపురంలో సొంతంగా పని మొదలుపెడతానని, అందుకోసం మూడు శిక్షణ తరగతులు చూసి పెట్టుకున్నానని, వాటిలో ఏది మంచిదో చెప్పమని నీవు మీ మావయ్య చేతికిచ్చి పంపిన కాగితాలు అందాయి. ఫోనులో చెబితే ఊఁ కొట్టి మరిచిపోతావని కూర్చుని రాస్తున్నాను. ఇరవై ఆరేళ్లు కార్ల పెయింటింగు షెడ్డులో రంగు కొట్టే స్ప్రేగన్ను పట్టినవాడిని కనుక, కారు రంగు విషయంలో నా మాట వినడం వల్ల నీకు నష్టమేమీ ఉండదు.

మొదటి కాగితాన్ని, అంటే ఇంట్లో కూర్చుని వీడియోలు చూస్తే సర్టిఫికెట్ పంపుతామన్న దానిని, పక్కన పెట్టేయి. ఏ సీసా దేనికి వాడతారో, ఏది ముందో ఏది వెనకో తెలుసుకోవడానికి వీడియోలు పనికివస్తాయి, అవి ఊరికే కూడా దొరుకుతాయి. పాలిష్ పట్టే బఫింగ్ మిషనుకు తగిలించిన మెత్తని ప్యాడు కింద రేకు ఎంత వేడెక్కిందో మాత్రం వీడియోలో చేయి పెట్టి చూడలేవు.

ఆ వేడి సంగతి నాకెలా తెలిసిందో నీకెప్పుడూ చెప్పలేదు. 1999లో, నీవింకా పుట్టకముందు, బరంపురంలో ఒక షెడ్డులో పనిచేసేవాణ్ణి. అప్పటిదాకా మా చేతికి వచ్చినవి ఎక్కువగా అంబాసిడర్లు, జీపులు. వాటి మీద పైరంగు ఒకటే. కాంపౌండు, అంటే అరగదీసే పేస్టు, పెట్టి రుద్దితే ఆ రంగే ప్యాడుకు అంటుకునేది, ఎంత అంటిందో చూసి ఇక చాలని చేయి తీసేవాళ్లం. మాకు తెలిసిన కొలత అదొక్కటే. ఒకరోజు ముదురు ఆకుపచ్చ మెటాలిక్ రంగు మారుతి జెన్ కారు వచ్చింది. దాని రంగు పైన రంగులేని క్లియర్ కోటు ఒకటి వేరుగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ప్యాడుకు ఏమీ అంటడం లేదు గదా అన్న ధైర్యంతో రేకు వేడెక్కుతున్నా బానెట్ అంచు మీదుగా మిషను పోనిస్తూనే ఉన్నాను. ప్యాడు మీద పచ్చని చార కనిపించి ఆపేసరికి, అంచు వెంట అరచేయంత మచ్చ మిగిలింది. చుట్టూ అద్దంలా మెరుస్తుంటే అది మాత్రం సుద్ద రాసినట్టు ఉంది. తడిగుడ్డతో తుడిస్తే మెరిసేది, ఆరగానే మళ్లీ వెలవెలబోయేది. ఆ తుడవడం ఎన్నిసార్లు తుడిచానో లెక్కలేదు. చివరకు బానెట్ మొత్తం మళ్లీ రంగు కొట్టాము, షేడు కలవలేదు, ఆ డబ్బు నా జీతంలోంచి నాలుగు నెలలు కోసుకున్నారు.

ఇప్పటి కార్లన్నీ దాదాపు ఆ పద్ధతివే. ఫ్యాక్టరీలో వేసిన రంగు పొరలన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది, అందులో పైనున్న క్లియర్ కోటు 35 నుంచి 50 మైక్రాన్ల లోపే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు, మన తలవెంట్రుక మందమే అటూఇటూగా 70 మైక్రాన్లు. పాలిష్ పట్టడమంటే ఆ వెంట్రుకకన్న పలచని పొరను ఇంకొంచెం అరగదీయడమే కాబట్టి, ఆపాల్సిన చోట ఆపడం తెలియనివాడికి మెరుపు తెప్పించడం తెలిసినా లాభం లేదు. అది చేతికి తెలియాలి, చేతికి తెలియాలంటే మిషను చేతిలో ఉండాలి. కనుక మిగిలిన రెండు తరగతులనూ ఒకే ప్రశ్నతో తూచి చూశాను: మిషను నీ చేతిలో ఎంతసేపు ఉంటుంది?

విశాఖపట్నం తరగతి రెండు రోజులు, ఎనిమిది వేల రూపాయలు, ముప్ఫైమంది విద్యార్థులు, రెండు మిషన్లు. మొదటిరోజంతా ఉపన్యాసమే. రెండవరోజు ఆరు గంటలు పని చేయించినా రెండు మిషన్లకు కలిపి పన్నెండు గంటలు. ముప్ఫైమందికి పంచితే మనిషికి ఇరవైనాలుగు నిమిషాలు. భువనేశ్వర్ తరగతి ఐదు రోజులు, ఇరవైనాలుగు వేలు, ఆరుగురు విద్యార్థులు, మూడు మిషన్లు. నాలుగు రోజులు రోజుకు ఐదు గంటల చొప్పున పని. అక్కడ నీ వంతుకు పది గంటలు వస్తాయి. గంటకు లెక్క కడితే చవకదనుకున్నది ఇరవై వేలు, ప్రియమనుకున్నది రెండు వేల నాలుగు వందలు. ఈ లెక్క నీకు కనిపించకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది, ఆఫీసులో రోజంతా లెక్కలే గదా చూస్తావు. అయితే ఆ ఫీజులో జీఎస్టీ కలిసి ఉందో లేదో రాయలేదు. కలిసి లేకపోతే 18 శాతం చొప్పున 28,320 రూపాయలవుతుంది, ముందే అడుగు.

డబ్బు కట్టేముందు భువనేశ్వర్ వాళ్లకు ఫోను చేసి, పాఠం చెప్పే మనిషితోనే మాట్లాడు, ఆఫీసులో ఫీజు తీసుకునే వాళ్లతో కాదు. పాడుచేయడానికి పాత బానెట్లు ఇస్తారా, అవి నల్లరంగువేనా అని అడుగు. ఎండలో సాలెగూడులా కనిపించే సన్నగీతలు తెల్లకారు మీద అంతగా తెలియవు, నల్లదాని మీద ఏదీ దాగదు. రోటరీ మిషను, డ్యూయల్ యాక్షన్ మిషను రెండూ చేతికిస్తారా అని కూడా అడుగు. రోటరీ ఒకేచోట గిరగిర తిరిగి వేడి పుట్టిస్తుంది. రెండవది తిరుగుతూనే ఊగుతుంది, అంచు మీద గట్టిగా నొక్కితే తిరగడం తగ్గి దాదాపు ఆగిపోతుంది, అందుకే కొత్తవాడికి అదే క్షేమం. రంగు మందం కొలిచే గేజీ గురించి ఒక చిన్న పరీక్ష పెట్టు. మామూలు గేజీ రేకు పైనున్న పొరలన్నిటి మొత్తం మందాన్నే చెబుతుంది, క్లియర్ కోటును విడిగా చెప్పదు, ప్లాస్టిక్ బంపరు మీద అసలు పనిచేయదు. ఆ గేజీతోనే క్లియర్ ఎంతుందో తేల్చి చెప్పేస్తామని ఆయన అన్నాడంటే, ఇరవైనాలుగు వేలు జేబులోనే ఉంచుకో.

ఇంకొకటి. కొన్ని పాలిష్‌లలోని నూనె గీతలలో నిండి వాటిని కప్పేస్తుంది, రెండుసార్లు కడిగేసరికి గీతలు మళ్లీ తేలతాయి. పాలిష్ అయ్యాక ఆ నూనె పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, దీపం పట్టి చూపించేవాడే నిజమైన పనివాడు. అలా చూపిస్తారో లేదో కనుక్కో.

విశాఖ కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉన్న మాటలకు నీ మనసు లాగిందని నీ రాతలోనే తెలుస్తోంది: కిట్టు ఉచితం, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి ఇస్తారు, రంగు మీద పూసే 9హెచ్ సిరామిక్ కోటింగుకు జయపురంలో డీలరుషిప్పు. సరుకు అమ్ముకునేవాడు పెట్టే తరగతిలో పాఠమంతా ఆ సరుకు చుట్టే తిరుగుతుంది. 9హెచ్ అన్నది పెన్సిలుతో గీసి చూసే గట్టిదనపు కొలత మాత్రమే, లారీ చక్రం కింద నుంచి ఎగిరివచ్చే కంకరకు ఆ కోటింగు అడ్డుపడదు. కొంతవరకు అడ్డుపడేది పీపీఎఫ్, అంటే రంగు మీద అంటించే పారదర్శక ఫిల్ము, అది వేరే విద్య, ఇప్పుడే దాని జోలికి వెళ్లకు. సర్టిఫికెట్ విషయానికొస్తే, అమెరికాలో ఇంటర్నేషనల్ డిటైలింగ్ అసోసియేషన్ అనే సంఘం రాతపరీక్షలకు ఒక గుర్తింపు, ఎదుట పని చేసి చూపించినవారికి వేరే గుర్తింపు ఇస్తుంది. రెండూ ఒకటి కావని వాళ్లే ఒప్పుకున్నారన్నమాట.

మన ప్రాంతపు కార్లకు వచ్చే జబ్బులు భువనేశ్వర్‌లో ప్రత్యేకంగా చెప్పకపోవచ్చు కనుక నీవే అడిగి రాబట్టాలి. కోరాపుట్ ఘాటీ రోడ్ల ఎర్రదుమ్ము తలుపు కీళ్లలో, వైపర్ల కింద గడ్డకట్టి ఉంటుంది. నీళ్లతో బాగా నానబెట్టి జారవిడవకుండా గుడ్డ పెట్టావంటే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. చాలా గీతలు కడిగేటప్పుడే పడతాయి కాబట్టి, సబ్బునీళ్లకొకటి, గుడ్డ జాడించడానికొకటి చొప్పున రెండు బకెట్లతో కడిగే పద్ధతికి ఒక పూట కేటాయించని తరగతి తరగతే కాదు. బోరునీళ్లు ఎండలో ఆరితే తెల్లని వలయాలు మిగులుతాయి. ఇక ఇక్కడ మజ్జిఘరియాణి అమ్మవారి గుడి ముందు కొత్త బండ్లకు పూజ చేయించి, పసుపు కుంకుమ ఎండిపోయాక పొడిగుడ్డతో బానెట్ మొత్తం పులిమేసేవాళ్లను నిత్యం చూస్తూనే ఉన్నాను. షోరూము నుంచి వచ్చిన గంటకే గీతలు. మొక్కు తీరాక ఆ బొట్టును తడిపి జాగ్రత్తగా తీయడం తెలిసినవాడు ఒక్కడుంటే చాలు, వాడికి పని కరువుండదు.

వ్యాపారం సంగతి క్లుప్తంగా చెబుతాను. అప్పు చేయకు. ఒక డ్యూయల్ యాక్షన్ మిషను, ప్యాడులు, మంచి మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక దీపంతో మొదలుపెట్టు. ఆ గుడ్డలను కంఫర్ట్ వేసి ఉతకకు, నీరు పీల్చడం మానేస్తాయి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషనుకు రుసుము లేదు, ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకు. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ బెంగ నీకు లేదు. ఆదివారానికి ఒక్క కారే ఒప్పుకో. తాళం తీసుకునే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి, ఉన్న గీతలన్నీ యజమానికి చూపించు. ఇంటివారి పెరట్లో సబ్బునీళ్లు ఎటు పోతాయో వారితో ముందే మాట్లాడుకో, లేకపోతే రెండవ ఆదివారానికే తగువు వస్తుంది.

షెడ్డు మూసినప్పుడు తెచ్చి అటక మీద పెట్టిన పాత బానెట్లు రెండున్నాయి, ఒకటి నల్లది. తరగతికి వెళ్లేముందు ఒక ఆదివారం వచ్చి, దాని రంగును నీ చేతులతో మిషను పట్టి ఒకసారి కాల్చి చూడు. తడిగుడ్డతో తుడిస్తే మెరిసి ఆరగానే వెలిసిపోయే ఆ మచ్చ ఎలా ఉంటుందో నేను పక్కన నిలబడి చూపిస్తాను.

భువనేశ్వర్‌కు హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లోనే వెళ్తావు గదా. అది రాత్రి మన స్టేషనులో ఆగుతుంది. ప్రయాణం తేదీ, బోగీ నెంబరు ముందుగా తెలియజేయి, మీ అమ్మ కారియరు కట్టి ప్లాట్‌ఫారం మీదికి తెస్తానంటోంది.

ఆశీస్సులతో,
నాన్న