రాయి మీద తప్పు చెక్కకుండా ఆపినవారికి

మేం ఉంటున్న ఇంట్లో ఒకప్పుడు పేరున్న సంగీత విద్వాంసులు ఇద్దరు అద్దెకు ఉండేవారు. అన్నదమ్ములు. పేర్లు రాయను. రాస్తే రేపు పొద్దున్న తలుపు తీసేసరికి గేటు ముందు సెల్ఫీలు మొదలవుతాయి. ఇప్పటికే ఆ తంతు చాలాసార్లు అయింది.

ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని మేడమీద గది చూపించి, వాళ్లకు అంత పేరు తెచ్చిన రచన ఇక్కడే పుట్టిందన్నాడు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ మేమూ అదే చెప్పుకుంటూ వచ్చాం. చెప్పేకొద్దీ కథ కొమ్మలేసింది. (కిటికీ పక్కన చాప వేసుకుని కూర్చునేవారన్నది నా సొంత కల్పన, ఒప్పుకుంటున్నాను.) చివరికి గోడకు రాతిపలక పెడదామని, అక్షరాలు చెక్కే అతనికి వాక్యం కూడా రాసిచ్చాం. సంవత్సరం ఒక్కటి సరిచూసుకుందామని నలుగురినీ అడగడం మా అదృష్టం.

మొదటి నమస్కారం గ్రంథాలయంలో పనిచేసే మేడంగారికి. మూడు మధ్యాహ్నాలు పాత టెలిఫోన్ డైరెక్టరీలూ ఓటర్ల జాబితాలూ ముందేసుకుని ఏడాది ఏడాదీ తిరగేశారు. వాళ్లు ఈ ఇంట్లో ఉన్నమాట నిజమే. కానీ ఈ చిరునామాలో వాళ్ల పేర్లు మొదటిసారి కనిపించింది ఆ రచన రికార్డుగా వచ్చిన రెండేళ్ల తర్వాత! ఆవిడ నవ్వలేదు, క్లాసు పీకలేదు. పేజీ మీద వేలు పెట్టి "ఇది చూడండి" అన్నారంతే. నాకు మాత్రం చెవులు ఎర్రబడ్డాయి.

లండన్‌లో ఉంటున్న మా అక్క కొడుక్కి కూడా థాంక్స్. ప్రముఖులు ఉన్న ఇళ్లకు అక్కడ నీలి ఫలకాలు పెడతారు. ఆ పద్ధతి 1866లో మొదలైంది. మనిషి పోయి 20 ఏళ్లు గడవాలి, వాళ్లున్న భవనం నిలిచి ఉండాలి, యజమాని ఒప్పుకోవాలి. బ్రూక్ వీధిలో పక్కపక్క ఇళ్లు రెండింటికి అలాంటి ఫలకాలున్నాయట. ఒకదాంట్లో హాండెల్ అనే పాశ్చాత్య సంగీతకర్త 1723 నుంచి 1759లో పోయేదాకా ఉన్నాడు. పక్కింటి పైఅంతస్తులో రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 1968, 69లలో ఉన్నాడు. మధ్యలో ఒక్క గోడ, రెండు శతాబ్దాల పైచిలుకు కాలం. హాండెల్ 36 ఏళ్లూ అద్దెకే ఉన్నాడని, 1741లో తన ప్రసిద్ధ సంగీత రచన 'మెస్సయ్య' అక్కడే రాశాడని వాడు చెబుతుంటే మా ఆవిడ, "వాళ్ల దగ్గర ఆధారం ఉంది, మన దగ్గర మీ చాప ఉంది" అంది.

మేస్త్రిగారికి ప్రత్యేకంగా చెప్పాలి. మేడగదిలో పెచ్చులు రాలడానికి కారణం నేనే. పాత సున్నపు గోడ మీద సిమెంటు పూయించాను. లోపలి తేమ బయటికి వెళ్లే దారిలేక పూత ఉబ్బి ఊడిపోతోంది. ఆయన ఓపిగ్గా సిమెంటంతా రాల్చి, మళ్లీ సున్నంతోనే పూత వేశారు. ఒక్కో పూత ఆరేదాకా తర్వాతిది ముట్టుకోనివ్వలేదు. తొందరపెట్టినందుకు క్షమించమని అడుగుతున్నాను.

ఆ గదిలో పాడి చూసిన సంగీతం మాస్టారికీ కృతజ్ఞతలు. ఎదురెదురు బోసిగోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకుంటోందని రెండు ముక్కలు పాడగానే పట్టేశారు. ఒక గోడకు పుస్తకాల బీరువా, కింద మందపాటి తివాచీ వేయమన్నారు. ఇప్పుడు గదిలో మాట మాటలా వినిపిస్తోంది.

ఇక పక్కింటివాళ్లు. వచ్చేపోయే అభిమానులు మా బెల్లనుకుని వాళ్ల బెల్లు కొట్టినా ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదు. లివర్‌పూల్‌లో బీటిల్స్ బృందం గాయకుడు పాల్ మెకార్ట్నీ పెరిగిన ఇంటిని చూడాలంటే ముందే బుక్ చేసుకుని మినీబస్సులో వెళ్లాలని చెప్పి, మాకు దారి చూపింది వాళ్లే. మేమూ నెలకు ఒక ఆదివారం, ముందు ఫోన్ చేసినవాళ్లకే అని పెట్టుకున్నాం. మిగతా రోజుల్లో ఇది మా ఇల్లు. బాల్కనీలో బట్టలు ఆరేసుకుంటాం.

పలక మీద ఇప్పుడు వాళ్ల పేర్లు, ఉన్న సంవత్సరాలు, "ఇక్కడ నివసించారు" అన్న మాట, అంతే. పుట్టిన రచన సంగతి లేదు. చెక్కే అతను పాత కాగితం తిరిగిచ్చేస్తూ "అక్షరాలు తగ్గాయి, నాకు హాయే" అన్నాడు.

పాత యజమానికి కూడా ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకూ అలాగే చెప్పి అమ్మారండీ" అన్నాడు.