రుజువు మమ్మల్నెందుకు అడుగుతారు?

సంపాదకుడు గారికి,

పర్యావరణ కేసులు వాదించే న్యాయవాది ఎం.సి.మెహతా మీద మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి పన్నెండు రోజులైంది. ఆ రోజే రాయాల్సింది. మా చెరువు పని మీద ఆఫీసుల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. వ్యాసం బాగుంది, ఫొటో బాగుంది. 1996లో గోల్డ్‌మన్ ప్రైజ్, 1997లో మెగసెసే, 2016లో పద్మశ్రీ అని అన్నీ వరసగా వేశారు. గంగ మీద మంట లేచిన సంగతీ రాశారు. కానీ ఆయన వాదించిన కేసుల వల్ల నీళ్ల విషయంలో మనకు ఏం దక్కింది, ఆ తీర్పులు ఇవాళ ఏ ఫైళ్లలో మూలుగుతున్నాయి అన్నది ఒక్క పేరా కూడా లేదు. సన్మానం చేసి శాలువా కప్పి పంపించినట్టుంది.

నేను జిల్లా కోర్టులో స్టెనోగా ఇరవై తొమ్మిదేళ్లు చేసి రిటైరయ్యాను. తీర్పు డిక్టేషన్ తీసుకోవడం, టైపు కొట్టడం, కాపీలు సరిచూడడం నా పని. ఒక్క పేజీ ఆర్డరు కోసం మనుషులు ఎన్నేళ్లు మెట్లెక్కి దిగుతారో, చేతికొచ్చాక దాన్ని అమలు చేయించుకోలేక ఎలా తిరిగి వస్తారో రోజూ చూశాను. అందుకే ఈ ఉత్తరం.

మెహతా 1985లో గంగ మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. రెండేళ్లకు, 1987 సెప్టెంబరులో, కాన్పూర్ తోళ్ల ఫ్యాక్టరీల మీద ఆర్డరు వచ్చింది. మురుగును కనీసంగా శుద్ధి చేసే ప్లాంటు కూడా పెట్టుకోని ఫ్యాక్టరీలు మూసెయ్యమన్నారు. కనీస కూలి ఇవ్వలేని యజమానిని ఎలా నడపనివ్వమో, నీళ్లు శుద్ధి చేయలేనివాణ్నీ అలాగే నడపనివ్వం అన్నది కోర్టు. డబ్బు లేదు, స్థోమత లేదు అంటే కుదరదని తేల్చేసింది. ఇంత సూటిగా ఉన్న మాట మీ వ్యాసంలో ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు.

భూగర్భ జలాల సంగతీ అంతే. ఆయన కేసులోనే 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పబట్టి, 1997 జనవరిలో కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ ఏర్పడింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2002లో నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. అంటే బోరు మీద అడిగే అధికారం ఢిల్లీలోనూ ఉంది, ఇక్కడా ఉంది. మా వీధిలో మొన్న వేసవిలో రాత్రి పదకొండుకు రిగ్గు బండి వచ్చింది. తెల్లారేసరికి బోరు పడింది, బూడిద రంగు బురద మా గుమ్మం దాకా పారింది. పక్కింటివాళ్ల పాత బోరు వారం తిరక్కుండానే గాలి పోయడం మొదలుపెట్టింది. అనుమతి ఉందా అని అడిగిన అధికారి ఒక్కరూ లేరు. అడిగిన నన్ను మాత్రం, మీకెందుకమ్మా ఈ టెన్షన్ అన్నారు.

ఇంకో కేసు పత్రికలవాళ్లకు తప్పకుండా గుర్తుండాలి. హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఒక మోటెల్ వాళ్లు, వరద తమ మీదికి రాకుండా బుల్‌డోజర్లు పెట్టి నది దారే మళ్లించారు. 1996 ఫిబ్రవరిలో ఒక ఇంగ్లిషు దినపత్రికలో వచ్చిన వార్త చూసి సుప్రీంకోర్టు దాన్ని విచారణకు తీసుకుంది. మెహతా వాదించారు. ఆ డిసెంబరులో మోటెల్‌కు ఇచ్చిన స్థలం లీజు రద్దయింది. నదిని మళ్లీ బాగు చేయడానికయ్యే ఖర్చు మోటెలే పెట్టుకోవాలన్నారు. నదులు, అడవులు, సముద్ర తీరాలు ప్రభుత్వం చేతిలో ఉన్నది జనం తరఫున కాపాడడానికే, ఎవరికో రాసివ్వడానికి దానికి హక్కు లేదని ఆ తీర్పు. దానికి మూలం ఒక పత్రిక వార్త! అలాంటిది ఇవాళ మీ జిల్లా పేజీలో చెరువు మాట కనబడాలంటే ఎవరైనా అందులో పడి చనిపోవాలి, లేకపోతే మంత్రిగారు చేపపిల్లలు వదలాలి.

ఇక నా అసలు బాధ. మన హైదరాబాద్ తీర్పు ఒకటుంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదని 1996లో 111 జీవో ఇచ్చారు. ఆ పరిధిలో ఒక నూనెల కంపెనీ పెడతామంటే కాలుష్య నియంత్రణ మండలి వద్దన్నది, కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999 జనవరిలో జస్టిస్ ఎం.జగన్నాథరావు గారు, మన తెలుగువారే, రాసిన తీర్పులో ఒక మాట ఉంది. నీళ్లకు హాని జరుగుతుందని రుజువు చేయాల్సిన భారం జనం మీద లేదు, హాని జరగదని చూపించాల్సింది అక్కడ పని మొదలుపెట్టేవాళ్లే అని. నా ఉద్యోగంలో వేల పేజీలు టైపు చేశాను. రుజువు భారం అటునుంచి ఇటు మారితే కేసు ఎలా తిరగబడుతుందో నాకు తెలుసు. అంత బలమైన ఆయుధం మన చేతిలో పెట్టారు. ఆ జంట జలాశయాలకు రక్షణగా ఉన్న ఆంక్షలనే 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఎత్తేశారు.

మా ఊరి చెరువు దగ్గరికి రండి. 1954-55 ఖాస్రా పహాణీలో, అంటే పాత భూమి రికార్డులో, శిఖం (చెరువు భూమి) అని ఉంది, గ్రామ నక్షాలో నీలి గీతలున్నాయి. తూము ఉంది, మత్తడి ఉంది. రెండేళ్ల కింద ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చేంత మేర) హద్దు అని పసుపు రంగు వేసి రాళ్లు పాతారు. ఇవాళ వాటిలో ఒక రాయి వెంచర్‌లో కాపలా ఉండే ఆయన గుడిసె ముందు బట్టలుతికే బండ అయింది. తిరగేస్తే నల్ల అక్షరాలు ఇంకా కనబడతాయి. సబ్బు నురగ కింద ‘ఎఫ్‌టీ’ దాకా చదవొచ్చు, మూడో అక్షరం అరిగిపోయింది. ఆయన్ని నేనేమీ అనను, ఎక్కడో పడి ఉంటే తెచ్చుకున్నాడు. రాయిని పీకినవాళ్లు వేరు, పీకుతుంటే చూడనట్టు ఉన్నవాళ్లు వేరు. పోయిన బతుకమ్మ పండక్కి చెరువులో నీళ్లు లేక, కట్ట కింద గుంత తవ్వి, ప్లాస్టిక్ పట్టా పరిచి, ట్యాంకరుతో నింపారు. నా మనవరాలు తంగేడు పూలు ఆ పట్టా మీద వదులుతుంటే అక్కడ నిలబడలేకపోయాను.

ఈ రాళ్ల గురించి అర్జీ పెడితే ఆఫీసులో నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ‘మేడమ్, అది చెరువే అనడానికి మీ దగ్గర ఆధారమేంటి?’ అని. రికార్డు వాళ్ల బీరువాలోనే ఉంది! సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ముప్పై రోజులన్నది చట్టం, నాకు తొంభై ఆరో రోజున ఒక కాగితం వచ్చింది, ‘తగు ఆధారములతో సంప్రదించగలరు’ అని. చెరువులో మట్టి పోసినవాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. చెరువులు, కుంటలు ఊరుమ్మడి ఆస్తి, వాటిని కాపాడండి అని 2001లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లమంటున్నారు. మన బెంచి చెన్నైలో ఉంది. నా పెన్షన్‌తో ఎన్నిసార్లు వకీలును పెట్టుకోగలను?

మెహతా గారు ఢిల్లీలో ఒక్కరే అన్ని కేసులు మోశారని చదివి చేతులు జోడించాను. కానీ ఆయన చేసిన పనిలో సగం తీర్పు తెచ్చుకోవడం అయితే, మిగతా సగం మండల ఆఫీసులో కూర్చున్న మనిషి ఆ తీర్పు చదవడం. ఆ చదివించే పని పత్రికది కూడా. ఆయన ఫొటో వేసినంత చోటులో మన జిల్లా చెరువుల పేర్లు, సర్వే నంబర్లు, ఎఫ్‌టీఎల్ విస్తీర్ణం వారానికి ఒక మండలం చొప్పున అచ్చు వేయండి. రికార్డు బయట ఉంటే ఆధారం ఏదని ఎవరూ అడగలేరు.

వచ్చే సోమవారం సర్వేయరు వస్తానన్నారు. ఇలా చెప్పడం ఇది మూడోసారి. ఈసారి 1999 తీర్పు జిరాక్సు పట్టుకుని పొద్దున్నే కట్ట మీద ఉంటాను. మీ విలేకరిని పంపండి, ఆ రాయి ఎక్కడుందో నేను చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కోర్టు ఉద్యోగిని